శుక్రవారం కాగితం

మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి, ఈ కుర్చీ ఏడేళ్ళ వాళ్ళ కోసం చేసింది, అయినా చేసినవాడు పనివాడే, నాలుగు కాళ్ళూ నేలని సమంగా పట్టుకున్నాయి, నా బరువు పడ్డా కిర్రుమనలేదు. మూడున్నరకి రమ్మంటే మూడింటికే వచ్చాను. ఎదురుగా గోడ, సగం దాకా పచ్చరంగు, పైన తెలుపు, రెండూ కలిసేచోట గీత కాస్త వంకర పోయి తలుపు దాటాక సర్దుకుంది, వేసినవాడిని అక్కడ ఎవరో పలకరించి ఉంటారు. తలుపు అవతల టీచరమ్మ గొంతు, ఎవరో తండ్రి గొంతు, మాటలు తెలియడం లేదు. ఆ గదిలోనే ఎక్కడో బొంగరం కూర్చుని ఉంది. బొంగరం నా కూతురి కూతురు, ఇంట్లో ఒక్కచోట కాలు నిలవదు గనక ఆ పేరు నేనే పెట్టాను, ఈ బళ్ళో ఆ పేరు చెప్తే ఎవరూ నమ్మరు. ఇక్కడ అది కూర్చోబెట్టినచోట కూర్చుంటుంది, హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అడిగితే తల ఊపుతుంది, నోరు మాత్రం విప్పదు. ఏడాది కావస్తోంది, ఒక్క మాట పలకలేదు. ఇవాళ ఆ సంగతి తేలుస్తారు, ఈ గదిలోనే ఉంచుతారా, ఊరి అవతల మాటలు రాని పిల్లల బడి ఒకటి ఉందట, అక్కడికి పంపుతారా అన్నది. దాని తరఫున మాట్లాడడానికి నేను వచ్చాను. మాట్లాడని పిల్ల కోసం వెతికి వెతికి మాట్లాడని ముసలాణ్ణి పంపారు.

పొద్దున్న అమ్మాయి కూడా అదే అంది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేచోట దాని పని, షిఫ్టు మార్చమంటే కుదరదన్నారు, అల్లుడు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. "నాన్నా, నువ్వే వెళ్ళాలి" అంది. ఊఁ అన్నాను. "ఊఁ అంటే చాలదు అక్కడ. అడిగినదానికి చెప్పాలి." ఊఁ అన్నాను. నడుం మీద చేతులు పెట్టుకుని అచ్చం వాళ్ళమ్మ చూసినట్టు చూసింది. "ఇంకో ఊఁ అన్నావంటే నిన్ను కూడా ఆ దుప్పట్లతో వేసి ఉడకబెడతాను. రెండే రెండు మాటలు గుర్తుపెట్టుకో, అవును, కాదు. ఏది ఎక్కడ వెయ్యాలో చూసుకో." నవ్వుతూనే అంది గానీ సంచి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగి, "అది ఆ గది దాటి వెళ్ళకూడదు నాన్నా" అని వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ బతికుండగా అనేది, గోడలు కట్టి కట్టి మీరూ గోడైపోయారు, గోడకైతే కనీసం మేకన్నా కొట్టుకోవచ్చు, మీతో అదీ కుదరదు అని. యాభై ఏళ్ళు తాపీ పట్టాను. ఇటుక మీద ఇటుక పెట్టడానికి మాటలు అక్కర్లేదు, నూలుతాడు నిటారుగా ఉందో లేదో కన్ను చెప్తుంది, మధ్యలో వేసే సిమెంటు మాలు చాలిందో లేదో చెయ్యి చెప్తుంది. మూడో తరగతి సగంలో బడి మానేసి పరంజా ఎక్కినవాడికి మాటలతో పనేముంది అనుకుని బతికాను, ఈ కాగితాలు ఇంటికి రావడం మొదలయ్యేదాకా.

నన్ను రమ్మన్నది మాత్రం వేరే కాగితం. టైపు కొట్టింది, కింద పెద్ద మేడమ్ సంతకం. విద్యార్థిని తరగతిలో మౌఖికంగా పాల్గొననందున తదుపరి చర్యల నిమిత్తం సంరక్షకులు హాజరు కావలెను. మౌఖికంగా దగ్గర నాకు ఒక సాయంత్రం పట్టింది, నిమిత్తం దగ్గర ఇంకో సాయంత్రం. అన్నీ పెద్ద పెద్ద రాళ్ళు, మధ్యలో మాలు లేదు, ఎక్కడా మనిషి చెయ్యి తగిలిన గుర్తు లేదు. అదే కవరులో టీచరమ్మ కాగితం కూడా ఉంది, ఎప్పటిలాగే శుక్రవారం వచ్చింది, ఎప్పటిలాగే చేతిరాత, రెండు వైపులా. ముందువైపు పైన 'ఈ వారం మన గది' అని ఉంటుంది, వెనకవైపు 'మరిచిపోవద్దు' అని. అంతే, ఆ రెండు పక్కల్లోనే ఇరవై ఆరుగురు పిల్లల వారం మొత్తం ఉంటుంది. మొదట్లో ఒక్కో కాగితం చదవడానికి నాకు శని, ఆదివారాలు రెండూ పట్టేవి, వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం దాటుకుంటూ. ఇప్పుడు పొయ్యి మీద పాలు పొంగేలోపు ముందువైపు అయిపోతుంది. ముప్పై నాలుగు కాగితాలు వంటింట్లో తీగకి గుచ్చిపెట్టాను, పనిలో చీటీలు గుచ్చినట్టు.

నేను ముగ్గురు పెద్ద మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నాను, మాలు ఎంత తక్కువ వాడితే గోడ అంత గట్టి అని ముగ్గురూ చెప్పారు, చేసి చూపించినవాడు ఒక్కడే. ఈ టీచరమ్మ రెండోది. వాళ్ళ గదిలో గాజుతొట్టెలో ఎర్రచేప ఉండేది. అది చచ్చిపోయిన వారం ఇంకెవరైనా అయితే చేప నిద్రపోయిందనో, సముద్రానికి వెళ్ళిందనో రాసేవాళ్ళు. ఈవిడ రాసింది, 'మన చేప మంగళవారం చనిపోయింది. పిల్లలు ఇంట్లో అడగవచ్చు. మేము నిజమే చెప్పుకున్నాం, మీరూ నిజమే చెప్పండి. తొట్టె కడిగి ఎండలో పెట్టాం.' ఆ ఆఖరి మాట చదివి గరిటె కింద పెట్టేశాను. మా ఆవిడ పోయినప్పుడు ఎంతమంది వచ్చి ఎన్ని మాటలు చెప్పారు, తొట్టె కడిగి ఎండలో పెట్టాం లాంటి మాట ఒక్కళ్ళకీ తోచలేదు. పేలు పడిన వారం ఇంకోలా రాసింది, 'ఈ వారం మన గదిలో దువ్వెనలకి పని పడింది. ఎవరి తలలోంచి ఎవరి తలలోకి అని మేము వెతకలేదు, మీరూ వెతకకండి. ఆదివారం అందరం దువ్వుకుందాం, ఎవరిళ్ళలో వాళ్ళం.' కిటికీ పగిలిన వారం, 'మన కిటికీకి కొత్త అద్దం వచ్చింది, పాతదాని సంగతి బంతిని అడగాలి.' ఒకసారి వెనకవైపు ఉంది, 'సంచిలో ఒక జత బట్టలు ఎక్కువ పెట్టండి, ఎవరి మీదైనా నీళ్ళు ఒలకవచ్చు.' అవి ఏ నీళ్ళో, ఏ పిల్లవాడో మూడు వారాల తర్వాత బొంగరం ఇంట్లో చెప్తే గానీ తెలియలేదు, అప్పుడు తీగ మీంచి ఆ కాగితం తీసి మళ్ళీ చదివాను, ఎంత వెతికినా ఆ పిల్లవాడు అందులో దొరకలేదు. దాచడమంటే అది. గోడలో గొట్టం దాచినట్టు, పైన ఆనవాలు ఉండదు, నీళ్ళు మాత్రం రావలసినచోటికి వస్తాయి.

శుక్రవారం ఆఖరి గంటలో ఆవిడ సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల దగ్గర నిలబడుతుందట, ఒక్కొక్క పిల్లనీ పిలిచి ఈ వారం నీ వార్తేమిటి అని అడుగుతుందట, పన్ను ఊడిందనీ, తమ్ముడు పుట్టాడనీ, మెట్ల మీంచి పడ్డా ఏడవలేదనీ వాళ్ళు చెప్తుంటే వాళ్ళ మాటల్లోనే బల్ల మీద రాస్తుందట, తలకి ఒక వరుస. అదే కాగితం మీదికి ఎక్కి ఇళ్ళకి వస్తుంది. బొంగరం వంతు వచ్చేసరికి బొంగరం నేలకేసి చూస్తుంది. అప్పుడు ఆ వరుస టీచరమ్మే కడుతుంది. 'కుండీలకి నీళ్ళు పోసింది, ఎవరూ చెప్పకముందే.' 'మూడు పెన్సిళ్ళు చెక్కింది, ఒకటి తనది, రెండు కావు.' 'ఈ వారం అందరి మాటలూ విన్నది, ఒక్కటి కూడా పారెయ్యలేదు.' ముప్పై నాలుగు వారాల్లో ఒక్కసారి కూడా మాట్లాడలేదు అని రాయలేదు. లేనిదాన్ని వదిలేసి ఉన్నదాన్ని పట్టుకోవడానికి ఆవిడ ఎన్ని కళ్ళు పెట్టుకుని చూసి ఉండాలి, అటు ఇరవై ఐదుగురు మీద పడి అరుస్తుంటే. రెండు పెన్సిళ్ళు తనవి కావు అని ఎవరు చూస్తారు? మా అమ్మాయి ఆ కాగితం చదివి, "చూశావా నాన్నా, దీనికి పెన్సిళ్ళ సంగతి కూడా తెలుసు" అని కళ్ళు తుడుచుకుంది, దీనికి అని ఎందుకందో, అంత పెద్ద చదువుకున్న మనిషిని, సొంత చెల్లెల్ని అన్నట్టు.

కాగితం చివర ప్రతివారం ఒకే మాట ఉంటుంది. 'ఇంటి దగ్గర ఏం విన్నారో నాకు రాయండి. ఎదురు చూస్తుంటాను.' మా పనిలో పైనుంచి చీటీ దిగితే కిందనుంచి జవాబు ఎక్కాలి, ఇటుకలు అందాయి, ఇసుక అందలేదు, మూడో అంతస్తు పూత అయింది అని. చీటీ మింగి కూర్చునే మేస్త్రీని మళ్ళీ ఎవరూ పిలవరు. పైగా ఒక మనిషి ఎదురు చూస్తుంటానని చేత్తో రాసి పంపితే ఊరుకోవడం ఎలాగ? అందుకని ఆదివారం సాయంత్రం బొంగరం పెన్సిలు అడిగి తీసుకుని రాసేవాణ్ణి. గోళ్ళు తీసినాము. చొక్కాకి పేరు కుట్టినాము. అట్టపెట్టె దొరకలేదు, మంగళవారం లోపల చూస్తాము. పాప చేప సంగతి అడిగింది, నిజమే చెప్పినాము. అలాగ నాలుగు వరుసలు. సోమవారం దాని సంచిలో పెట్టి పంపేవాణ్ణి. ఇరవై ఆరు ఇళ్ళ నుంచి ఇరవై ఆరు చీటీలు ఆవిడ బల్ల మీద పడుతుంటాయి, అందులో నాది ఒకటి అనుకునేవాణ్ణి. అక్షరాలు వంకరగా ఉంటాయని సిగ్గుగా ఉండేది, మిగతావాళ్ళవి చక్కగా ఉంటాయి కదా అని.

పక్క కుర్చీలో ఎవరో వచ్చి పడ్డారు, పడ్డారు అనే అనాలి, కవలల తల్లి, రోజూ గేటు దగ్గర చూస్తుంటాను, రెండు సంచులు, రెండు గొడుగులు, రెండు చేతులు చాలని మనిషి. "చూశారా తాతగారూ ఈ కుర్చీలు! కూర్చోవడం మన పని, లేవడం దేవుడి పని." తల ఊపాను. తల ఊపితే చాలు ఆవిడకి. మావాళ్ళ సంగతి మీకు తెలియదు, ఒకడు చదివితే రెండోవాడికి వచ్చేస్తుందని ఇద్దరూ అనుకుంటారు, అందుకని ఇద్దరూ చదవరు, ఇవాళ నాకు రెండింతలు తిట్లు, మీరు ముందు వెళ్ళి ఆవిణ్ణి కాస్త చల్లబరచండి అంది. ఇవాళ మీటింగుల వల్ల ఈ వారం కాగితం ఇవ్వలేదట, సోమవారం ఇస్తారట. "ఇంతకీ పోయినవారం దాంట్లో ఏముందండీ? మావాళ్ళు దాన్ని పడవ చేసేశారు."

"రంగు కాగితాలు, జిగురు. బుధవారానికి" అన్నాను. ఆగి, "పంపినట్టు జవాబులో రాయాలి" అన్నాను, ఎందుకన్నానో, ఒకసారి నోరు తెరిస్తే ఇదే గొడవ.

"జవాబేమిటి?"

"కాగితానికి."

ఆవిడ నావైపు పూర్తిగా తిరిగింది. "మీరు దానికి జవాబు రాస్తారా?" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. "అయ్యో తాతగారూ! అది మిషన్‌లో వేసి ఇరవై ఆరు తీస్తారండీ. ఎదురు చూస్తుంటాను అంటే, కొట్టు గుమ్మం మీద మళ్ళీ రండి అని రాస్తారు చూడండి, అలాగ. దానికెవరైనా జవాబు రాస్తారా? మా వీధిలోనే పదిమంది తల్లులం ఉన్నాం, ఒక్కళ్ళం ఒక్కసారి రాసిన పాపాన పోలేదు." నా మొహం చూసి కాబోలు నవ్వు ఆపింది. "తప్పేం లేదులెండి. మంచిదే. ఆవిడకీ కాలక్షేపం." అంతలో కిటికీలోంచి పెరడు కనిపించింది ఆవిడకి, "ఒరేయ్, ఇద్దరూ దిగండ్రా, అది చెట్టు కాదురా, నీళ్ళ గొట్టం!" అని కేకేస్తూ ఒక గొడుగు వదిలేసి పరుగెత్తింది.

చెవులు వేడెక్కాయి. ముప్పై నాలుగు చీటీలు. గోళ్ళు తీసినాము. చొక్కాకి పేరు కుట్టినాము. ఎవరూ అడగని పని చేసి తలుపు తట్టి ఇదిగో చేశాను అని చెప్పినట్టు, ప్రతి సోమవారం, ఆ వంకర అక్షరాలతో. ఆవిడ వాటిని ఏం చేసి ఉంటుంది, ఎంత మర్యాదస్థురాలు, ఒక్కసారి కూడా తాతగారూ రాయక్కర్లేదండీ అనలేదు. అది పోనీ. అంతకంటే పెద్ద భయం ఇప్పుడు పట్టుకుంది, ఆ చీటీల్లో ఇంకేం రాశాను? పాప ఇంట్లో బాగా మాట్లాడుతుంది అని రాశాను. ఒకసారి కాదు, దాదాపు ప్రతివారం. బడిలో జరిగిందంతా అప్పజెప్పుతుంది, పన్ను ఎలా ఊడిందో, ఎవరు ఎవరి మీద నీళ్ళు పోశారో, టీచరమ్మ లెక్క తప్పు చేసి తనే ఎలా నవ్విందో, అన్నీ చెప్పింది, సంతోషం అని రాశాను. గర్వంగా రాశాను. ఇంట్లో మాట్లాడే పిల్ల బళ్ళో మాట్లాడకపోతే దాన్ని ఏమంటారు? మాటలు రావు అనరు. మొండి అంటారు. ఆ టైపు కాగితం నా చీటీలు చూసే కొట్టారేమో, ఎవరూ అడగని జవాబులు రాసి రాసి నా మనవరాలి మీద నేనే సాక్ష్యం ఇచ్చానేమో. లేచి వెళ్ళిపోదామా అనిపించింది, ఇక్కణ్ణుంచి గేటు ఎనభై అడుగులు, ఈ కుర్చీలోంచి లేవడమే కష్టం. అమ్మాయి అన్నది గుర్తొచ్చింది, ఆ గది దాటి వెళ్ళకూడదు నాన్నా. ఆ గదిలో ఎవరో ఒకళ్ళు రెండు పెన్సిళ్ళు తనవి కావు అని చూస్తారు, ఇంకో బళ్ళో ఎవరు చూస్తారు?

బాగా మాట్లాడుతుంది అని రాశాను, నిజమే, అయితే ఎవరితో? వాళ్ళమ్మతోనా, వాళ్ళమ్మ వచ్చేసరికి అది తినేసి పుస్తకం మీద పడుకుని ఉంటుంది. నాతో అనుకుంటున్నాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక నేను మధ్యాహ్నం గిన్నెలు తోముతాను, అది వంటింటి గడప మీద కూర్చుంటుంది, తొట్టి గోడకి ఉంది గనక నేను గోడకేసి తిరిగి ఉంటాను. మొదటి గిన్నె కడిగేదాకా ఏమీ ఉండదు. రెండో గిన్నెకి మొదలవుతుంది. ఒక్కసారి, బడిలో చేరిన కొత్తలో, అది ఏదో చెప్తూ నవ్వితే నేనూ నవ్వుతూ వెనక్కి తిరిగాను, కొళాయి కట్టేసినట్టు మాట ఆగిపోయింది, మళ్ళీ మూడు రోజులు రాలేదు. ఆ తర్వాత నేను తిరగలేదు. గిన్నెలు అయిపోతే కడిగినవే మళ్ళీ కడుగుతాను. ఇది వింత అని నాకు ఒక్కనాడూ తోచలేదు, ఎందుకు తోస్తుంది, నా బతుకంతా జనం నా వీపుతోనే మాట్లాడారు. గోడకేసి తిరిగి పని చేసుకునే మనిషి వెనక ఎవరైనా వచ్చి నిలబడతారు, ఏదైనా చెప్తారు. ఒక ఇంటామె, మేడ మీద గది వేస్తుంటే, రోజూ మెట్ల మీద కూర్చుని కొడుక్కి రాయని ఉత్తరాలన్నీ నా వీపుకి చెప్పింది, ఇటుకలు అయిపోయిన రోజు లేచి వెళ్ళిపోయింది, తర్వాత దారిలో ఎదురుపడితే గుర్తుపట్టలేదు, ఆవిడ నా మొహం ఎప్పుడూ చూడలేదు మరి. ఒక ఇంజనీరు, అంత కఠినమైన మనిషి, వాళ్ళ నాన్న పోయిన మర్నాడు నేను పూత పూస్తుంటే వెనక నిలబడి చిన్నపిల్లవాడిలా మాట్లాడాడు, నేను తాపీ ఆపలేదు. మా ఆవిడ కూడా అంతే, ఇప్పుడు తలుచుకుంటే. కడుపుతో ఉన్నానని చెప్పింది నేను మా ఇంటి గోడకి పూత పూస్తుంటేనే, ఆగి తిరిగితే సిగ్గుపడుతుందని అదేచోట తాపీ ఆడిస్తూ ఉండిపోయాను, ఆ గోడకి అక్కడ ఇప్పటికీ ఒక అరంగుళం మందం ఎక్కువ. మనిషి మొహం చూస్తూ చెప్పడం ఎంత కష్టమో గోడలు కట్టేవాడికి తెలుసు. ఆ సంగతి ముప్పై నాలుగు చీటీల్లో ఒక్కదాంట్లోనూ నేను రాయలేదు. గోళ్ళు రాశాను, అట్టపెట్టె రాశాను, జిగురు రాశాను. టీచరమ్మకి కావలసిన ఇటుక అదొక్కటే, అది నా దగ్గరే ఉండిపోయింది.

అయితే ఇప్పుడు చెప్పాలి, నోటితో, మొహం చూస్తూ, అదీ ఇద్దరి మొహాలు. ఎలా మొదలుపెట్టాలి, అమ్మా, మా పాప, కాదు, మేడమ్ గారూ, నేను గిన్నెలు తోమేటప్పుడు, ఇదేమిటి ఈయన గిన్నెల సంగతి చెప్తాడు అనుకుంటారు. మాట పేర్చడం ఇటుక పేర్చడం లాగే అని ఎవరన్నారో గానీ వాడు రెండూ చేసి ఉండడు. అవును, కాదు, ఆ రెండింటితో ఇది చెప్పలేను. తలుపు తెరుచుకుంది, లోపలి తండ్రి తల వంచుకుని వెళ్ళిపోయాడు, గుమ్మంలో ఒక చిన్న మనిషి నిలబడింది, మా అమ్మాయి కంటే చిన్నదేమో, చేతుల మీదంతా సుద్దపొడి. "రండి తాతగారూ, చాలాసేపు కూర్చోబెట్టేశాం" అంది. ఆ కాగితాలు రాసింది ఈవిడేనా, నేను ఏదో పెద్ద వయసు మనిషిని అనుకున్నాను, ఇన్ని రోజులూ గేటు దగ్గర దూరం నుంచి చూస్తూనే ఉన్నాను, ఈవిడే టీచరమ్మ అని తెలియలేదు.

గదిలో కిటికీ పక్కన కుండీలు, గోడ నిండా బొమ్మలు, నల్లబల్ల మీద ఇవాళ్టి వరుసలు, ఎడమవైపు ఇరవై ఐదు వార్తలు, ఇరవై ఆరో అంకె పక్కన ఖాళీ, కుడివైపు మరిచిపోవద్దు. మూల అలమర దగ్గర బొంగరం నేల మీద కూర్చుని పుస్తకాలు పొడుగు పొట్టి వేరు చేస్తోంది, నన్ను చూసింది, నవ్వలేదు, మళ్ళీ పుస్తకాల మీదికి వంగింది. పెద్ద మేడమ్ బల్ల వెనక ఫైలు తెరిచి కూర్చుని ఉంది. ఆవిడ చెడ్డది కాదు, మూడువందల మంది పిల్లలు, తలకొక ఫైలు, కళ్ళజోడు కింద కళ్ళు అలిసిపోయి ఉన్నాయి. ఫైలులో నా చీటీలు కనిపించాయి, బడి వాళ్ళ పిన్ను కొట్టి.

"మీరే రాశారు కదండీ, పాప ఇంట్లో బాగా మాట్లాడుతుందని" అంది పెద్ద మేడమ్, ఒకటి తిప్పుతూ. "ఇంట్లో అంత మాట్లాడే పిల్ల ఇక్కడ ఏడాదిగా నోరు విప్పలేదంటే నేనేమనుకోవాలి? ఇక్కడ ఇష్టం లేదనా? మొండితనమనా?"

"అవి నేనే ఇచ్చాను మేడమ్, పాపకి సాయం చేస్తాయని" అంది టీచరమ్మ. నావైపు తిరిగింది. "నా కాగితానికి వచ్చే జవాబు మీదొక్కటే తాతగారూ. సోమవారం అది చదివాకే హాజరు వేస్తాను." చెవులు మళ్ళీ వేడెక్కాయి, ఈసారి ఇంకో రకం వేడి.

"ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది?" పెద్ద మేడమ్ కలం తీసింది. "వాళ్ళమ్మతోనా, మీతోనా?"

"నా వీపుతో" అన్నాను.

కలం ఆగింది. "ఏమిటండీ?"

ఇక అది బయటికి వచ్చేసింది గనక మిగతాది దాని వెంట వచ్చింది. గిన్నెలు చెప్పాను, గడప చెప్పాను, ఒక్కసారి తిరిగితే మూడు రోజులు మాట పోవడం చెప్పాను, చెయ్యెత్తి గోడ ఎటుందో, గడప ఎటుందో చూపించాను, అది మొండిది కాదమ్మా, దానికి మొహాలు బరువు, ఇరవై ఐదు మొహాలు ఒక్కసారి తన మీద వాలితే ఆ కింద మాట ఎలా లేస్తుంది, నాకే లేవదు, ఇంత ముసలాణ్ణి అన్నాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఆపేసరికి గొంతు బొంగురుపోయింది.

టీచరమ్మ నెమ్మదిగా, "నేను రోజూ తన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళలోకి చూస్తూ అడిగాను" అంది. "నవ్వుతూ. ఏడాదంతా." అంతే, నాకు చదువులో అలా నేర్పారనీ అనలేదు, మీరు ముందే చెప్పాల్సిందనీ అనలేదు. కట్టిన గోడ తూకం గుండుకి ఆనకపోతే తనే పడగొట్టి మళ్ళీ తాడు కట్టే మేస్త్రీలని నా జన్మలో ఇద్దరిని చూశాను. ఈవిడ లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది, సుద్దముక్క తీసుకుంది, మాకు వీపు పెట్టి ఇరవై ఆరో అంకె ఎదురుగా నిలబడింది. "ఈ వారం వార్తల్లో ఒక వరుస మిగిలిపోయింది" అంది బల్లతో, రోజూ మాట్లాడే గొంతుతోనే.

నేను కుర్చీ గోడకేసి తిప్పుకున్నాను. పెద్ద మేడమ్ అలమర మూలకేసి చూస్తూనే ఉంది. "మేడమ్ గారూ, మీరూ" అన్నాను.

"నేనా?"

"గోడకేసి."

నన్ను చూసింది, టీచరమ్మ వీపుని చూసింది, లేచి తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన గోడకేసి వేసుకుంది. "ముప్పై ఏళ్ళ నౌకరీలో పిల్లల్ని గోడకేసి తిప్పాను గానీ" అని గొణిగి ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. ముగ్గురం అలా ఉన్నాం. నా ఎదురుగా గోడ, పూత మంచిదే, కిటికీ కింద మాత్రం ఒక వెంట్రుకంత బీట, ప్రమాదం లేదు, కట్టడం నేలలో కుదురుకునేటప్పుడు అలా వస్తుంది. వెనక ఒక పుస్తకం పెట్టిన చప్పుడు. ఇంకో పుస్తకం. పెరట్లో కవలల తల్లి ఎవరినో కోప్పడుతోంది. గిన్నె ఒకటి ఉంటే బాగుండేది చేతిలో, చేతులు ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళు పట్టుకున్నాను. ఇంకో పుస్తకం. టీచరమ్మ సుద్ద ఎత్తిన చెయ్యి దించలేదు, వణకలేదు, ఎంతసేపైనా అలాగే ఉంటుందనిపించింది, ఏడాది ఉన్న మనిషి ఇంకో గంట ఉండలేదా. పెద్ద మేడమ్ ఊపిరి వినిపిస్తోంది. నాది కూడా.

"మా తాత ఈ వారం బళ్ళో మాట్లాడాడు."

గడప మీద వినిపించే గొంతే, చిన్నది కాదు, పెద్దది కాదు, వార్త చెప్పే గొంతు. సుద్ద కదిలింది. మా, తాత, ఈ, వారం. టీచరమ్మ వెనక్కి తిరగలేదు, అందరినీ అడిగినట్టే అడిగింది, "ఎంతసేపు?"

"చాలాసేపు. చెయ్యి కూడా ఊపాడు."

టీచరమ్మ భుజాలు కదిలాయి, సుద్దపొడి రాలింది, అయినా వరుస వంకర పోలేదు. నేను గోడ మీది బీట కేసి చూస్తున్నాను, అది అలుక్కుపోయింది. పక్కన పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, ఒళ్ళో ఫైలు మూసింది, దాని మీద రెండు చేతులూ వేసింది.

"సోమవారం ఇదే గదికి రావాలి" అంది గోడతో. "నీళ్ళ సీసా తెచ్చుకోవాలి. మరిచిపోకూడదు."

"నాది పగిలింది" అంది వెనక గొంతు. "తాతది తెస్తాను."

"మరి తాతగారికి?"

"తాత కొళాయి దగ్గర తాగుతాడు."

టీచరమ్మ బల్ల రెండో సగానికి జరిగి, మరిచిపోవద్దు కింద, అది కూడా రాసేసింది.